మాధవి లేని సత్యభామ



ఈ పూట నేను అరవై పాదాల ఇంగ్లీషు పద్యం ఒకదాని గురించి మాట్లాడతాను. రాసినవాడు రాబర్ట్ బ్రౌనింగ్. 1836 జనవరిలో లండన్‌లోని మంత్లీ రిపోజిటరీ అనే పత్రికలో అది మొదటిసారి అచ్చయింది. కవికి అప్పటికి ఇరవై మూడేళ్లు. పేరు వేసుకోలేదు, కింద జెడ్ అనే ఒక్క అక్షరం పెట్టి ఊరుకున్నాడు. పద్యం పేరు 'యోహన్నెస్ అగ్రికోలా'. తరవాత పుస్తకాల్లో 'ధ్యానంలో యోహన్నెస్ అగ్రికోలా' అని స్థిరపడింది. సృష్టికి ముందే దేవుడు తనను ఎంచుకున్నాడని, ఇక తానేం చేసినా పాపం అంటదని నమ్మిన మనిషి మాటలు అందులో ఉంటాయి. ఆ నమ్మకం తప్పని కవి ఎక్కడా అనడు. ఒక్క విశేషణం కూడా తన తరఫున చేర్చడు. అయినా పద్యం చదివి ముగించేసరికి మన ఒళ్లు జలదరిస్తుంది. కవి నోరు విప్పకుండా అది ఎలా సాధించాడన్నదే ఈనాటి ప్రసంగం.

హనుమాన్ జంక్షన్లో ఉండేవాడికి, విక్టోరియా రాణి కాలంలో పేరు మోసిన కవి రాసిన క్రైస్తవ మతవాద పద్యంతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. నా సమాధానం ఇది. ఈ పద్యాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన చెవి మన కృష్ణా డెల్టా వాళ్లకు పుట్టుకతోనే ఉంది. ఏకపాత్రాభినయం చూసి పెరిగినవాళ్లం మనం. కూచిపూడి మన జిల్లాలోనే ఉంది. మా జంక్షన్ నుంచి గుడివాడ, అక్కడినుంచి పామర్రు, ఆ పైన చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కూచిపూడి వచ్చేస్తుంది.

ముందు ఏకపాత్ర సంగతి. బడి వార్షికోత్సవంలో పదో తరగతి కుర్రాడు కిరీటం పెట్టుకుని, గద భుజాన వేసుకుని మయసభ దుర్యోధనుడై వస్తాడు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సినిమాలో మన నిమ్మకూరు ఎన్.టి. రామారావుగారు పలికిన కొండవీటి వెంకటకవి మాటలు ఇప్పటికీ మన పల్లెల్లో పిల్లలకు కంఠతా వచ్చు. వేదిక మీద ద్రౌపది ఉండదు. ఆమె నవ్వు మనకు వినిపించదు. ఆ నవ్వు తనను ఎంత కోసిందో దుర్యోధనుడి గొంతులో మాత్రం వింటాం. అతను తన పౌరుషం గురించి చెబుతున్నాననుకుంటాడు, మనకు అందేది అతని అసూయ. చెప్పేవాడు చెప్పదలచుకున్నది ఒకటి, వినేవాడికి తెలిసేది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే ఈ ప్రక్రియకు ప్రాణం. ఇంగ్లీషులో దీన్నే డ్రమాటిక్ మోనోలాగ్ అంటారు. 1830లలో బ్రౌనింగు, ఇంకో ఇంగ్లీషు కవి టెన్నిసను ఎవరికి వారుగా దీన్ని పట్టుకున్నారు. నాటకంలో స్వగతం వేరు. అక్కడ పాత్ర తన మనసులోది నిజంగానే మనకు అప్పగిస్తుంది. ఇక్కడ పాత్ర తనకు తెలియకుండా తనను తాను పట్టిస్తుంది.

ఇక అగ్రికోలా. ఇతను నిజంగా బతికిన మనిషి. 1494లో జర్మనీలోని ఐస్లేబెన్‌లో పుట్టాడు. మార్టిన్ లూథర్ పుట్టిన ఊరూ అదే. మొదట లూథర్‌కు దగ్గరి మిత్రుడు, శిష్యుడు. క్రీస్తును నమ్మినవాడికి మోషే ధర్మశాస్త్రంతో ఇక పని లేదని వాదించి లూథర్ ఆగ్రహానికి గురయ్యాడు. 1539లో లూథర్ ఆ వాదాన్ని ఖండిస్తూ ఒక పుస్తకమే రాశాడు. మరుసటి ఏడాది అగ్రికోలా బెర్లిన్ చేరి, తన మాటలు వెనక్కు తీసుకున్నాడు. 1566లో అక్కడే చనిపోయాడు. ధర్మశాస్త్రం అక్కరలేదన్నంత మాత్రాన, పద్యంలో వినిపించే మాటలన్నీ ఆ చారిత్రక వ్యక్తికి అంటగట్టడం న్యాయం కాదు. బ్రౌనింగ్ ఆ పేరు తీసుకుని, ఆ వాదాన్ని దాని చివరి గట్టు దాకా నడిపించి చూశాడు. సృష్టికి ముందే ఎవరికి మోక్షం, ఎవరికి నరకం అన్నది రాసి ఉందనే ముందస్తు నిర్ణయవాదాన్ని కూడా దానికి కలిపాడు. కవి తల్లి లండన్‌లో రాజ్యం వారి చర్చికి చెందని స్వతంత్ర సంఘంలో భక్తురాలు. ఆ ప్రసంగాలు వింటూ పెరిగినవాడు కాబట్టి అతనికి ఈ భాష ఇంటి భాషే.

పద్యం ఎలా నడుస్తుందో చూద్దాం. ఒక రాత్రి. ఒక మనిషి తల చేతి మీద ఆనించి పడుకుని ఉన్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. రోజూ రాత్రి తాను ఆకాశపు పైకప్పును చీల్చుకుని చూస్తానంటాడు. సూర్యుళ్లు, చంద్రులు, నక్షత్రాల గుంపులు ఎంత వెలిగినా తనను ఆపలేవంటాడు. తన గమ్యం దేవుడు, అంత వేగంగా వెళుతున్నానంటాడు. ఇక్కడిదాకా వింటే ఎవరో గొప్ప భక్తుడే అనిపిస్తుంది. మన అవధూతలు, జ్ఞానులు కూడా ఇలాంటి ప్రయాణం గురించే చెప్పారు.

ఇంతలో పదకొండో పాదం. వెళుతున్నానన్నవాడు హఠాత్తుగా, తాను ఎప్పుడూ ఉన్నచోటే ఉన్నానంటాడు. దేవుడు ఎప్పటిలాగే తనను చూసి చిరునవ్వు నవ్వుతున్నాడంటాడు. మరి ఇందాకటి ప్రయాణం ఏమైంది? చేరవలసిన దూరమే లేనప్పుడు ఆ వేగం ఎందుకు? మొదటి పది పాదాల్లో ఎక్కువగా చూడడం, వెళ్లడం, పరుగెత్తడం లాంటి కదిలే క్రియలు. పదకొండో పాదం నుంచి పడుకోవడం, ఉండిపోవడం. కవి దీని మీద ఒక్క మాట అనలేదు. క్రియలను మార్చాడు, అంతే. భక్తి అంటే వెతుకులాట అనుకున్నవాడికి ఇక్కడే కాలి కింద నేల కదులుతుంది. ఈ మనిషి దేన్నీ వెతకడం లేదు. తనకు రావలసింది ఎప్పుడో వచ్చేసిందని పడుకున్నాడు.

ఇప్పుడు ఛందస్సు. ఓపిక పట్టి వినండి, అసలు కథ ఇందులోనే ఉంది. ప్రతి పాదానికీ ఎనిమిది అక్షరాలు, నాలుగు ఊనికలు. ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలకు ఒకటి విడిచి ఒకటిగా అంత్యప్రాస వేస్తే, ఇంగ్లీషు చర్చిలో పాడే కీర్తనల కొలతల్లో ఒకటి వస్తుంది. దానికి లాంగ్ మీటర్ అని పేరు. చర్చి కీర్తన ఒక్కడు పాడుకునేది కాదు, సంఘమంతా లేచి నిలబడి పాడేది. మన డెల్టాలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడే చర్చిల్లో అయినా అంతే, రామాలయంలో భజన అయినా అంతే. ఒకరి గొంతును పదిమంది అందుకుంటారు.

బ్రౌనింగ్ ఆ కీర్తన కొలతనే తీసుకుని దానికి అయిదో పాదం ఒకటి అదనంగా తగిలించాడు. ఒకటో పాదం మూడోదానితో ప్రాస కలుపుతుంది. రెండోది నాలుగోదానితో కలుపుతుంది. అక్కడితో చెవికి తృప్తి కలిగి, అయిపోయిందనుకుంటాం. అయిదో పాదం వచ్చి ఆ రెండో ప్రాసనే ఇంకొకసారి పలుకుతుంది. ఇలా పన్నెండుసార్లు. కీర్తనలో అందుకోవడానికి సంఘం ఉంది. ఇక్కడ ఎవరూ లేరు. అందుకే తన మాట చివరి ధ్వనిని తానే మళ్లీ అందుకుంటున్నాడు. మన ఇళ్లలో కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఊకొడతారు. ఈ మనిషికి ఊకొట్టేది తన ప్రాస ఒక్కటే.

ఆ పన్నెండు అయిదేసి పాదాల మధ్య ఖాళీ వదలకుండా పద్యాన్ని ఒక్క ముద్దగా అచ్చువేశారు. వాక్యాలు ఒక అయిదు పాదాల్లోంచి తరవాతి అయిదు పాదాల్లోకి పొర్లిపోతాయి. ఎందుకంటే, కానీ లాంటి తర్కపు ముక్కలు వాటిని కలుపుతుంటాయి. పైకి వింటే వాదన ఎంతో క్రమంగా ఉన్నట్టుంటుంది. పట్టి చూస్తే ప్రతి మెట్టుకూ ఆధారం దాని కింది మెట్టే, అట్టడుగు మెట్టుకు ఆధారం అతని మాటే. మధ్యలో ఎవరైనా 'ఏమయ్యా, ఆగు' అనడానికి సందు ఉండదు.

ఆ సందు లేకపోవడం ఎంత ముఖ్యమో చెప్పడానికి నేను కూచిపూడి దాకా వెళ్లాలి.

సిద్ధేంద్రయోగి పేరు మీద మనకు సంక్రమించిన భామాకలాపం తలచుకోండి. ముందు అడ్డతెర. తెర మీదుగా సత్యభామ జడ ఇవతలికి వచ్చి పడుతుంది. మనిషి కనిపించకముందే గర్వం కనిపిస్తుంది. తరవాత ప్రవేశ దరువు. తానెవరో, ఎంతటిదో, కృష్ణుడికి తానెంత ప్రియమైనదో తన నోటితోనే చెప్పుకుంటుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషం కట్టినప్పుడు, పురుషుడు స్త్రీ వేషం వేశాడన్న సంగతే మరచిపోయేవారని చూసినవాళ్లు చెబుతారు. ఆ దరువు కూడా ఏకపాత్రే. అందులో సత్యభామ అనేదీ అగ్రికోలా అనేదీ దాదాపు ఒకటే. భగవంతుడు నావాడు, నావాడే.

అయితే సత్యభామకు మాధవి ఉంది. సూత్రధారుడే చెలికత్తెగా మారి ఆమె పక్కన నిలబడతాడు. ఎవరమ్మా నువ్వు అని అడుగుతుంది మాధవి. ఏ ఊరు, ఎవరి కూతురివి, మీ ఆయన పేరేమిటి? భర్త పేరు చెప్పడానికి సత్యభామ సిగ్గుపడుతుంది. మాధవి వదలదు. డొంకతిరుగుడుగా గుర్తులు చెప్పించి, నవ్వించి, కోపం తెప్పించి, చివరికి ఆ పేరు పలికిస్తుంది. లోకమంతా తనదేనన్న మనిషి ఒక్క పేరు చెప్పలేక మెలికలు తిరుగుతుంటే మనం నవ్వుతాం. ఆ నవ్వులో ఆమె మీద ప్రేమ కలుగుతుంది. ఆ పైన కృష్ణుడికి లేఖ పట్టుకెళ్లమంటే మాధవి ఊరికే వెళ్లదు, నగలు అడుగుతుంది. ముక్కుకున్నది కూడా అడుగుతుంది. సత్యభామ బేరమాడుతుంది, బతిమాలుతుంది, ఏడుస్తుంది, ఇస్తుంది. జడ విసిరి వచ్చిన మనిషి ఒక్కొక్కటీ వదులుకుంటూ విరహిణిగా మిగులుతుంది. గర్వం అనే భ్రాంతి కరిగి భక్తి అయ్యేది సరిగ్గా ఆ బేరంలోనే.

అగ్రికోలాకు మాధవి లేదు. కూచిపూడివాళ్లు ఎదుటి గొంతును వేదిక మీదికి తెచ్చి భ్రాంతిని విరిచారు. బ్రౌనింగ్ ఎదుటి గొంతును పూర్తిగా తీసేసి, భ్రాంతి ఎంత దూరం పెరుగుతుందో చూపించాడు. రెండు చోట్లా పని చేసింది ఉపదేశం కాదు, రూపం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

పద్యంలో ఎదుటి గొంతు ఆనవాలు ఒక్కచోట మాత్రం ఉంది. అరవై పాదాల్లో సరిగ్గా సగం దాటగానే, ముప్పై ఒకటో పాదం మొదట్లో, అతను రెండుసార్లు అవునంటాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ కాదనలేదు. మరి ఎవరికి జవాబు చెబుతున్నాడు? లోపల ఎక్కడో సందేహం ఒకటి గొంతెత్తిందని, దాన్ని అణగదొక్కడానికే రెండుసార్లు అవునన్నాడని నా నమ్మకం. గట్టి నమ్మకం ఉన్నవాడు ఒకసారి అంటే చాలు. ఆ రెండో అవును దగ్గర మాధవి ఒక్క క్షణం తొంగిచూసి వెళ్లిపోయింది.

దానికి ముందు ఇంకొక గమ్మత్తు ఉంది. దేవుడి ప్రేమ తన మీద ఉందని చెబుతూ ఒక పాదాన్ని 'నేను' అనే అర్థం వచ్చే మాటతో ముగిస్తాడు. తరవాతి పాదాన్ని మళ్లీ అదే మాటతో మొదలుపెడతాడు. పాదాంతంలో మనిషి గాలి పీల్చుకుంటాడు. ఆ ఊపిరికి ఈ పక్కనా తానే, ఆ పక్కనా తానే. దేవుడి ప్రేమ గురించిన వాక్యంలో దేవుడికి నిలబడే చోటు కూడా దొరకలేదు.

ఇక చెట్టు, తీగ సంగతి. తాను ఏ నియమంతో పెరుగుతుందో తెలుసుకోనక్కరలేని చెట్టు తానంటాడు. చెట్టుకు పాపపుణ్యాలు లేవు కదా. విషాలన్నీ కలిపి తాగినా ఆ చెట్టు పూలే పూస్తుంది. మిగతావాళ్లు నేలబారు విషపు తీగ. దాని మీద తియ్యటి మంచు కురిసినా ఉబ్బి కుళ్లిపోతుంది. ఈ పోలిక వినడానికి ఎంతో అందంగా ఉంటుంది, అందుకే ప్రమాదం. పాపం చేసినా పువ్వు పూస్తుందన్న మాటకు అర్థం, పక్కవాడి మీద చెయ్యి ఎత్తడానికి ఇతనికి ఇక ఏ అడ్డూ లేదని. అదే పత్రికలో, అదే సంచికలో, సరిగ్గా అరవై పాదాల్లోనే, అదే ప్రాసక్రమంతో బ్రౌనింగ్ ఇంకో పద్యం అచ్చువేశాడు. పేరు 'పోర్ఫీరియా'. అందులో ఒకడు ప్రేమించిన స్త్రీని ఆమె జుట్టుతోనే గొంతు నులిమి చంపి, రాత్రంతా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, దేవుడి మౌనాన్ని తనకు అనుకూలంగా లెక్కేసుకుంటాడు. రెండు పద్యాల కొలత ఒకటే కావడం యాదృచ్ఛికం అనుకోను. ఆ చెట్టు పూసే పువ్వు ఎలాంటిదో పక్క పుటలోనే ఉంది.

ఇక్కడ ఒక మాట మీద ఆగక తప్పదు. పాపాలన్నీ తాగినా తనకేం కాదనడానికి అతను దేవుడిచ్చిన వారంటు తన దగ్గర ఉందంటాడు. అది కచేరీ మాట, అధికారపత్రం. ధర్మశాస్త్రం అక్కరలేదన్న మనిషి తన ధీమాకు తెచ్చుకున్నది చట్టం భాషే. చట్టాన్ని ముందు ద్వారం నుంచి గెంటేసి, తనకు లాభించే ఒక్క కాగితాన్ని పెరటి దారిన లోపలికి తెచ్చుకున్నాడు. దస్తావేజులంటే ఏమిటో డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. ఒక పొలం కాగితం చెల్లాలంటే రాసిచ్చినవాడు ఉండాలి, సాక్షులు ఉండాలి. ఇతని కాగితానికి సాక్షి లేడు. రాసుకున్నవాడూ చదువుకున్నవాడూ ఇతనే. తలరాత గురించి మన పెద్దవాళ్లు ఎంతైనా మాట్లాడతారు, కానీ ఎవరి నొసలు వాళ్లకు కనబడవని కూడా వాళ్లకు తెలుసు. అగ్రికోలా తన నొసటి రాతను తానే చదివి వినిపిస్తున్నాడు.

తరవాత అతను నరకంలోకి తొంగిచూస్తాడు. పడుకున్నచోటి నుంచే, కడుపు నిండినవాడిలాగా, దేవుడి నవ్వు మీద పడుతుండగా కిందికి చూస్తాడు. అక్కడ ఎవరున్నారు? దొంగలూ హంతకులూ కాదు. బతుకంతా ధూపంలా దేవుడికి అర్పించాలనుకున్నవాళ్లు. ఇక్కడ బ్రౌనింగ్ ఒక జాబితా ఇస్తాడు. పూజారి, పండితుడు, సన్యాసి, ప్రార్థనలతోనే తల నెరిసిన మఠవాసి, గుండె పగిలిన సన్యాసిని, మతం కోసం ప్రాణమిచ్చినవాడు, పాలిపోయిన పరిచారకుడు. చిట్టచివర, ధూపపాత్ర ఊపే చిన్నపిల్లవాడు.

ఆ జాబితా క్రమం చూడండి. పెద్దవాళ్లతో మొదలై చిన్నవాళ్ల దాకా దిగింది. ఇక కింద ఎవరూ లేని చోట పిల్లవాడు ఉన్నాడు. ఇంతసేపూ మెరుపుగా నడిచిన వాక్యం ఇక్కడ పేర్ల వెంట పేర్లుగా తెగి నడుస్తుంది. కొన్ని పేర్లకు ఒక్కొక్క చిన్న బతుకు వివరం అంటుకుని ఉంది. జుట్టు నెరవడం, గుండె పగలడం, మొహం పాలిపోవడం. చెప్పేవాడికి వీళ్ల మీద జాలి లేదు. మరి ఆ వివరాలు ఎందుకు పలికాడు? అవి కవి పెట్టినవి. అగ్రికోలా నోటితోనే అగ్రికోలాకు తెలియని కరుణను కవి మనకు అందించాడు. ఇంకొక సంగతి. ఇరవయ్యో పాదంలో, సూర్యుడూ నక్షత్రాలూ పుట్టకముందే దేవుడు తన బతుకును నిర్ణయించాడని గర్వంగా అన్నాడు. యాభై అయిదో పాదంలో, సూర్యుడూ నక్షత్రాలూ పుట్టకముందే వీళ్లందరూ నాశనమయ్యారంటాడు. అవే మాటలు, అదే ప్రాస. మొదటిసారి లాలిపాటలా వినిపించిన ధ్వని రెండోసారి మరణశిక్ష చదివినట్టు వినిపిస్తుంది. అతని చెవికి మాత్రం రెండూ ఒకటే.

1842లో తన పుస్తకంలో చేర్చినప్పుడు బ్రౌనింగ్ ఈ రెండు పద్యాలకూ కలిపి పిచ్చాసుపత్రి గదులు అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. కొన్నేళ్ల తరవాత తీసేశాడు. తీసేసి మంచి పని చేశాడు. పిచ్చివాడు అని ముందే బల్ల కట్టేస్తే మనం హాయిగా బయట నిలబడి చూస్తాం. ఆ బల్ల లేకపోతే, ఇతను నిజంగా పిచ్చివాడా లేక ఏదైనా పీఠం మీద కూర్చుని మాట్లాడుతున్న మహానుభావుడా అని మనమే తేల్చుకోవాలి. మతభ్రాంతి లోకంలో పిచ్చి మాటలా వినబడదు. శుద్ధమైన భాషలో, మంచి ప్రాసతో, చిరునవ్వుతో వినబడుతుంది.

టెన్నిసన్ రాసిన 'సెయింట్ సిమియన్ స్టైలైటీస్' కూడా 1842లోనే అచ్చయింది. సిరియాలో స్తంభం మీద ఏళ్ల తరబడి నిలబడి తపస్సు చేసి 459లో మరణించిన సిమియన్ అందులో మాట్లాడతాడు. తాను పాపిని అంటూనే, తనంత కష్టపడ్డవాడు ఎవడున్నాడంటూ స్తంభాల ఎత్తులూ సంవత్సరాలూ లెక్కగట్టి దేవుడికి అప్పజెబుతాడు. అది ప్రాస లేని పద్యం, సాగి సాగి నడుస్తుంది. గొప్ప పద్యమే కానీ నాకు అగ్రికోలాయే ఎక్కువ భయం కలిగిస్తాడు. సిమియన్ కింద జనం ఉన్నారు, వాళ్లతో మాట్లాడతాడు, తన సాధుత్వం నిజమేనా అని ఒక మూల వణుకుతాడు. వణుకు ఉన్నచోట ఇంకా ఆశ ఉంది.

ఇలాంటి భ్రాంతి మనకూ కొత్త కాదు, మన భాగవతం దశమ స్కంధంలో పౌండ్రకుడున్నాడు. కరూశ దేశపు రాజు. నువ్వే వాసుదేవుడివి అని చుట్టూ ఉన్న తెలివితక్కువవాళ్లు పొగిడితే నమ్మాడు. శంఖం, చక్రం, పీతాంబరం అన్నీ ధరించాడు. నా పేరూ నా గుర్తులూ వదిలిపెట్టి నన్ను శరణు వేడుకో అని ద్వారకకు దూతను పంపాడు. యుద్ధరంగంలో ఆ వేషం చూసి కృష్ణుడు నవ్వాడు, రంగస్థలం మీది నటుణ్ని చూసి నవ్వినట్టుగా. చక్రంతో అతని తల తీశాడు. అయితే భాగవతం అక్కడ ఆగదు. ఎల్లవేళలా హరినే తలచుకుంటూ ఉన్నందువల్ల పౌండ్రకుడికి ఆ హరి రూపమే దక్కిందంటుంది. ఎంత విశాలమైన మనసు! భ్రాంతిలో కూడా ధ్యానం ధ్యానమే. అయితే ఆ ముక్తి కలగడానికి ముందు అతనికి ఒకడు ఎదురుపడ్డాడు, నవ్వాడు, కాదన్నాడు. బ్రౌనింగ్ తన పాత్రకు ఆ ఎదురు కూడా ఇవ్వలేదు.

ఎదుటి గొంతు గురించి మా జంక్షన్ స్వామినే అడగవచ్చు. నాలుగు దారుల మధ్య అభయాంజనేయుడి గుడి ఉంది, విజయవాడ ఏలూరు రోడ్డు మీద వెళ్లే బస్సుల్లోంచి జనం చేతులు జోడించే గుడి. సముద్రం ఒడ్డున వానరులంతా దిగులుగా కూర్చున్నప్పుడు హనుమంతుడికి తన బలం తనకు తెలియదు. జాంబవంతుడు వచ్చి నువ్వెవరివో, నీ శక్తి ఎంతో చెప్పాలి. అంతటి భక్తుడికి కూడా తన సంగతి ఇంకొకరి నోట వినవలసి వచ్చింది. తన గొప్పతనం తనకు ముందే పూర్తిగా తెలిసినవాడు అగ్రికోలా. వీళ్లిద్దరి మధ్య ఉన్న దూరమే భక్తికీ భ్రాంతికీ మధ్య ఉన్న దూరమని నేను నమ్ముతాను.

పద్యం చివరి అయిదు పాదాలు ప్రశ్నగా ముగుస్తాయి. దేవుడి తీరు నాలాంటివాడికి అర్థమైపోతే, లెక్క కట్టగలిగితే, ఆయన ప్రేమకు బేరమాడి వెల చెల్లించగలిగితే, అటువంటి దేవుణ్ని నేనెలా స్తుతిస్తాను అని అడుగుతాడు. విడిగా తీసి చూస్తే ఇది ఎంత వినయమైన మాట! కొనుక్కునే దేవుడు దేవుడు కాదని ఏ భక్తుడైనా అంటాడు. కానీ యాభై అయిదు పాదాల పాటు దేవుడి లెక్క అణువణువూ తనకు తెలుసని చెప్పినవాడు, ఆ లెక్క ఎవరికీ తెలియదని ఇప్పుడంటున్నాడు. వారంటు చేతిలో పెట్టుకుని, బేరం తప్పంటున్నాడు. ప్రశ్న అడిగాడు గానీ జవాబు చెప్పేవాళ్లు లేరు, పద్యం అయిపోయింది. సత్యభామ బేరమాడి తన ముక్కు నగ ఇచ్చింది. ఇతను ఏదీ ఇవ్వలేదు.

మన కుర్రవాళ్లకు, నాటక సమాజాలకు నాది ఒక కోరిక. దుర్యోధనుడు వేసే వేదిక మీదే ఒకసారి ఈ అగ్రికోలాను తెలుగు చేసి వేయండి. కిరీటం, గద అక్కరలేదు. ఒక మంచం చాలు. గొంతు పెంచకండి, ఇతను అరవడు, హాయిగా మాట్లాడతాడు. ప్రాసలు మాత్రం వదలకండి, అయిదో పాదం ధ్వని రెట్టించినట్టు వినబడాలి. రెండు అవునుల మధ్య కొద్దిగా ఆగండి. వేదికకు ఒక మూల మాధవి వేషంలో ఒక మనిషిని కూర్చోబెట్టండి, చివరిదాకా ఆమెకు ఒక్క మాట కూడా ఇవ్వకండి. జాబితాలో ధూపపాత్ర పిల్లవాడి పేరు వచ్చినప్పుడు ఆ నటుడు నవ్వుతూనే ఉండాలి. ప్రేక్షకుల్లో ఎవరైనా అప్పుడు లేచి ఏదైనా అంటే, నాటకం ఆపి విననివ్వండి.